ఉప్పు తిన్న కారు

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద. మిస్సిసాగాలో మా ఇంటి ముందున్న 2003 మాజ్డా మియాటా డ్రైవరు తలుపు ఎంత లాగినా రాలేదు. ముందురోజు సాయంత్రం కారు కడిగించాను. ఆ నీళ్ళు రబ్బరు బీడింగులో గడ్డకట్టి తలుపును పట్టేసుకున్నాయి. అవతలి తలుపు తెరిచి, గేరు కర్ర మీదుగా కాళ్ళు మడిచి ఇవతలి సీట్లో పడ్డాను. తాళం తిప్పితే ఇంజను ఒకటికి రెండుసార్లు మూలిగి అందుకుంది. పక్కింటాయన రిమోట్‌తో స్టార్ట్ చేసుకున్న పికప్ ట్రక్కు దగ్గర కాఫీ కప్పుతో నిలబడి ఈ సర్కసంతా చూశాడు. ఏమీ అనలేదు. ఇక్కడివాళ్ళ మర్యాద అలాంటిది.

గుంటూరు నుంచి వీడియో కాల్లో మా నాన్నకు అంత మర్యాద పట్టలేదు. "ఇరవయ్యేళ్ళ కారేంట్రా, అందులోనూ రెండు సీట్లు! మేమొస్తే ఎక్కడ కూర్చోవాలి?" అన్నారు. "విడతలుగా రండి నాన్నా" అన్నాను.

పాత స్పోర్ట్స్ కారును ఆదివారం ముచ్చటకు కాకుండా రోజువారీ బండిగా నడిపేవాళ్ళు కెనడాలో తక్కువేం కాదు. కొత్త కారుకు ఏడేళ్ళ కిస్తీలు కట్టడం ఇష్టం లేనివాళ్ళు కొందరు. మాన్యువల్ గేర్లు వదల్లేనివాళ్ళు కొందరు. కుర్రతనంలో గోడ మీద పోస్టరుగా చూసిన బండి ఇప్పుడు అందుబాటు ధరలో దొరికిందని కొన్నవాళ్ళు ఇంకొందరు. కొన్న ఆర్నెల్లకు అందరికీ ఒకటే దురద పుడుతుంది: దీన్ని కాస్త మెరుగుపరిస్తే ఎలా ఉంటుంది? ఏది ముందు మార్చాలి, ఎక్కడ ఆగాలి అని చెప్పే పుస్తకాలకూ వీడియోలకూ కొదవ లేదు. కానీ వాటిలో చాలావరకు ఎండ దేశాల సలహాలు. అక్కడ పాత కారుకు వయసే శత్రువు. ఇక్కడ వయసుకు ఉప్పు తోడవుతుంది. అందుకే పనుల వరస ఇక్కడ వేరు, చాలామంది ఆ వరసను తలకిందులుగా మొదలుపెట్టి నష్టపోతారు.

ఏ కారన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కో కారుకు ఒక్కో జబ్బు పుట్టుకతోనే వస్తుంది. నాలుగో తరం షెవర్లే కమారో, దాని తోబుట్టువు పాంటియాక్ ఫైర్‌బర్డ్ క్యూబెక్‌లోని సాంత్-తెరేజ్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. 2002లో ఆ ఫ్యాక్టరీతోపాటే అవీ ఆగిపోయాయి. వాటిలో 1997 వరకు వచ్చిన వీ8 బళ్ళకు డిస్ట్రిబ్యూటర్‌ను సరిగ్గా వాటర్ పంపు కింద బిగించారు. పంపు కారిందంటే నీళ్ళు దాని నెత్తినే పడతాయి. మొదటి తరం పోర్షె బాక్‌స్టర్ ధర చూసి మనసు పారేసుకునేవాళ్ళు, ఇంజను లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు గురించి వినే ఉంటారు. అది పోతే ఇంజనే పోతుంది కాబట్టి క్లచ్చి మార్చేటప్పుడే దాన్నీ మార్చేయడం తెలివైన పని. ఈ-46 బీఎమ్‌డబ్ల్యూలకు రేడియేటరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్కే గండం.

కెనడాలో ఇంకో దారి కూడా ఉంది. 15 ఏళ్ళు దాటిన కారును జపాన్ నుంచి దర్జాగా దిగుమతి చేసుకోవచ్చు. అమెరికాలో అయితే 25 ఏళ్ళు ఆగాలి. వాంకూవర్ వీధుల్లో కుడివైపు స్టీరింగు ఉన్న నిస్సాన్ స్కైలైన్లు అందుకే కనబడతాయి. క్యూబెక్ మాత్రం కుడి స్టీరింగు బండికి 25 ఏళ్ళు నిండితే తప్ప రిజిస్ట్రేషన్ ఇవ్వదు. మనకు కుడివైపు కూర్చుని నడపడం కొత్త కాదు గదా అనుకుంటాం. నిజమే, కానీ టిమ్ హార్టన్స్ డ్రైవ్ త్రూ కిటికీ ఎడమవైపు ఉంటుంది. రోజూ కాఫీకి సీటు బెల్టు విప్పి పక్క సీట్లోకి పాకాల్సి వచ్చినప్పుడు ఆ సరదా తీరుతుంది. ఇక కెనడా సొంత స్పోర్ట్స్ కారు బ్రిక్లిన్ ఎస్‌వీ-1 న్యూ బ్రన్స్‌విక్‌లో 1974, 75ల్లో మూడు వేల లోపే తయారై ఆగిపోయింది. దానికి హైడ్రాలిక్ బలంతో రెక్కల్లా పైకి లేచే తలుపులు. మామూలు తలుపుకే నా పాట్లు చూశారు కదా, దాన్ని రోజువారీ బండిగా ఎవరికీ సిఫారసు చేయను.

నేను మియాటా దగ్గర ఆగాను. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి కనబడినప్పుడు దాని ఇంజను 1.6 లీటర్లు, బలం 116 హార్స్‌పవర్, బరువు టన్నులోపు. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. అన్ని కార్లున్నాయంటే విడిభాగాలకు కరువుండదు. పాత స్పోర్ట్స్ కారును రోజూ నడపాలనుకునేవాడికి గుర్రాల సంఖ్య కంటే ఈ సంగతి ముఖ్యం. మాజ్డా జపాన్‌లో మొదటి తరం కార్లను బాగుచేసే కార్యక్రమమే పెట్టుకుంది. దానికోసం బ్రిడ్జ్‌స్టోన్ అప్పటి టైరును మళ్ళీ అచ్చుపోసి ఇచ్చింది.

ఇక ఉప్పు. కెనడా రోడ్ల మీద ఏటా సుమారు 50 లక్షల టన్నుల ఉప్పు చల్లుతారు. ఒంటారియోలోని గాడరిచ్ దగ్గర, హ్యూరాన్ సరస్సు అడుగున, ప్రపంచంలోకెల్లా పెద్ద భూగర్భ ఉప్పు గని ఉంది. కారు తుప్పుకు కావలసిన సరుకు అంత దగ్గర్లో సిద్ధంగా ఉంటుందన్నమాట. చలి మరీ ముదిరితే మామూలు ఉప్పు పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు, కొన్ని ఊళ్ళలో చక్కెర బీట్ రసం కూడా. కాల్షియం క్లోరైడ్ గాల్లోని తేమను లాక్కుంటుంది కాబట్టి ఎండిందనుకున్న రేకు కూడా లోలోపల తడిగానే ఉంటుంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు మనవాళ్ళు. కారు ఆ రెండూ ఒకేసారి కానిచ్చేస్తుంది.

మియాటాకు తుప్పు ముఖ్యంగా రెండు చోట్ల మొదలవుతుంది. ఒకటి, ముందు ఫ్రేము దూలాల్లో రేకు రెండు పొరలుగా ఉన్నచోట. రెండోది, వెనక చక్రానికి కాస్త ముందు, తలుపు కింది సిల్ చివర. ఈ రెండోదానికి ఉప్పుతోపాటు వాన నీళ్ళ పాత్ర కూడా ఉంది. గుడ్డ టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక ఇరుపక్కలా ఉన్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి అవి పూడుకుపోతాయి. అప్పుడు నీళ్ళు సిల్ లోపలికి దారి వెతుక్కుంటాయి.

కారు కొన్న వారానికి, గడ్డి కోసే మిషనుకు వాడే నైలాన్ తాడు ముక్కను ఆ రంధ్రంలోకి పోనిచ్చాను. జానెడు దిగాక ఏదో మెత్తగా తగిలింది. తాడును వేళ్ళ మధ్య అటూ ఇటూ మెలితిప్పుతూ నొక్కితే, కారు కింద ఎక్కడో గుటుక్కుమంది. వంగి చూశాను. డికాక్షన్ రంగు నీళ్ళు ధారగా కారాయి. వాటి వెంట కుళ్ళిన మేపుల్ ఆకుల పిప్పి, అందులో ఒక పెన్ను మూత. పదినిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఈ కారుకు ఇన్నేళ్ళలో నేను చేసిన, చేయించిన పనులన్నిటిలో దీని విలువే ఎక్కువ.

ఆ తర్వాత నూనె. క్రౌన్, రస్ట్ చెక్ లాంటి కెనడా పేర్లు ఇక్కడ అందరికీ తెలిసినవే. ఏటా శరదృతువులో తలుపుల్లోకీ సిల్లుల్లోకీ నూనె కొట్టిస్తే అది పగుళ్ళలోకి పాకి నీళ్ళను తోసేస్తుంది. రెండు రోజులపాటు కారు నిలబెట్టినచోటల్లా మరక పడుతుంది, ఇంట్లో మాట పడాలి. నల్లగా మందంగా రబ్బరులా పట్టే పూత వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు. కొత్త కారుకైతే సరే. అప్పటికే తుప్పున్న పాత రేకు మీద ఆ పూత వేస్తే తడి దాని వెనక దాక్కుంటుంది, పైకి బాగానే కనబడుతుంది, లోపల రేకును తుప్పు తినేస్తుంది. వెచ్చటి గ్యారేజీ గురించి కూడా ఒక మాట. ఉప్పు బురదతో వచ్చిన కారును వెచ్చగా పెడితే బయట చలిలో మందగించిన తుప్పు పని లోపల చురుగ్గా సాగుతుంది. కారుకు చలి వేస్తుందని జాలిపడక్కర్లేదు.

రేకు సంగతి చూసుకున్నాక టైర్లు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: స్పోర్ట్స్ కారుకు డబ్బుపెట్టి చేయగల మార్పుల్లో టైర్లను మించింది లేదు, మిగతావన్నీ వాటి తర్వాతే. ఇంజను, బ్రేకులు, స్టీరింగు ఏం చేసినా చివరికి రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కంటే తగ్గితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి, ప్లాస్టిక్ చెప్పులేసుకుని తడి గచ్చు మీద నడిచినట్టు ఉంటుంది. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలో చాలా హైవేల మీద అక్టోబరు 1 నుంచే నియమం మొదలవుతుంది. ఒంటారియోలో బలవంతం లేదు, కానీ ఆ టైర్లు వేసుకున్నవాళ్ళకు బీమా కంపెనీలు రాయితీ ఇవ్వాలని 2016 నుంచి నియమం ఉంది. అడక్కపోతే గుర్తు చేసేవాడు ఉండడు, మనమే అడగాలి.

వెనక చక్రాలు తిరిగే కారు మంచులో పనికిరాదన్నది మనవాళ్ళ విందుల్లో స్థిరపడిపోయిన అభిప్రాయం. "నీకేం పిచ్చా బావా, ఆల్ వీల్ డ్రైవ్ సుబారు కొనక?" అంటాడు మా బావమరిది, బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని. నాలుగు చక్రాలూ తిరగడం బయల్దేరడానికి సాయపడుతుంది, నిజమే. కానీ ఆగడానికి ఏ కారుకైనా ఉన్నవి నాలుగు టైర్లే. మియాటా బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడుతుంది. మంచి చలికాలపు టైర్లతో మంచులో దాని నడక, అరిగిన ఆల్ సీజన్ టైర్లతో వెళ్ళే పెద్ద ఎస్‌యూవీ కంటే నమ్మదగినది. వేసవికి 16 అంగుళాల రిమ్ములు ఉంచుకుని, చలికి 15 అంగుళాల పాత రిమ్ముల మీద సన్నటి టైర్లు విడిగా కట్టించుకున్నాను. అంచు ఎత్తుగా ఉన్న టైరు గుంతల దెబ్బనూ ఓర్చుకుంటుంది. గుంతలకు ఇక్కడ పోటీలే జరుగుతాయి: వాహనదారుల సంఘం సీఏఏ ఏటా అధ్వాన్నపు రోడ్ల మీద పెట్టే ఓటింగులో, 2023లో హామిల్టన్‌లోని బార్టన్ స్ట్రీట్ ఈస్ట్ ఒంటారియోలో మొదటి స్థానం కొట్టేసింది.

బ్రేకుల్లో చాలామంది చేసే తప్పు రేసు ప్యాడ్లు వేయించడం. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే మంచులో మొదటి స్టాప్ సైను దగ్గర వేడెక్కే సమయం ఎవరిస్తారు? రోజువారీ కారుకు మామూలు మంచి ప్యాడ్లు, కొత్త డిస్కులు, తాజా బ్రేకు నూనె చాలు. బ్రేకు నూనె గాల్లోని తేమను పీలుస్తుంది. డాట్ 4 నూనె తాజాగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్ళు చేరాక ఆ హద్దు 155కు దిగజారవచ్చు. రెండేళ్ళకోసారి మార్చాలి. అంతకంటే ముఖ్యం కారు కింద పోయే ఇనుప బ్రేకు గొట్టాలు. ఉప్పుకు అవి పొరలుగా లేచి, ఒకరోజు గట్టిగా తొక్కినప్పుడు చిట్లుతాయి. వాటి చోట రాగి, నికెల్ కలిసిన గొట్టం వేయిస్తే ఆ దిగులుండదు. బయటికి కనబడని ఖర్చు, ఫొటోకు పనికిరాని మార్పు.

సస్పెన్షన్ దగ్గర నా అనుభవం కొంచెం వివరంగా చెప్పాలి. నాకు అమ్మిన కుర్రాడు పొట్టి స్ప్రింగులు వేసి కారును నాలుగు సెంటీమీటర్లు కిందికి దించాడు. వేసవిలో చూడ్డానికి బాగుంది. డిసెంబరులో మొదటి పెద్ద మంచు కురిసిన రాత్రి, స్నో ప్లౌ మా డ్రైవ్‌వే మొగదల వదిలిన మంచు గట్టు ఎక్కబోయి కారు పొట్టమీద ఆగింది. నాలుగు చక్రాలూ గాల్లో, నేను చేత్తో పార. మరుసటి వారమే కంపెనీ ఎత్తు స్ప్రింగులు వెతికి తెచ్చుకున్నాను.

అవి వేయడానికి స్కార్‌బరోలో ఒక జాఫ్నా తమిళ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పనిలోపనిగా అలైన్‌మెంటు కూడా సరిచేయమన్నాను. చక్రాల కోణం మార్చే బోల్టు తిరగాలంటే బుష్ లోపలి ఇనుప గొట్టంలో స్వేచ్ఛగా ఆడాలి. నా కారుకు అవి రెండూ తుప్పుతో ఏకమైపోయాయి. ఆయన నూనె కొట్టాడు, టార్చితో ఎర్రగా కాల్చాడు, నాలుగడుగుల రాడ్డు తగిలించి వేలాడాడు. బోల్టు కదల్లేదు, బుష్ రబ్బరు మాత్రం కాలి పొగొచ్చింది. "తంబీ, ఇంక కోసేయడమే" అన్నాడు. రంపంతో రెండు వైపులా కోసి, ముక్కలు నా చేతిలో పెట్టాడు. వేడిగా ఉన్నాయి. ఒక గంటకని వెళ్ళినవాణ్ణి సాయంత్రం దాకా కూర్చున్నాను. అయితే దాని పుణ్యమా అని బుష్‌లన్నీ కొత్తవి పడ్డాయి. పాలీయురెథేన్‌వి కాదు, మామూలు రబ్బరువే. మొదటివి గట్టిగా బాగానే ఉంటాయి కానీ చలిలో ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా పాత మంచంలా కిర్రుమంటాయి. రబ్బరు బుష్‌లతోపాటు మంచి షాక్ అబ్జార్బర్లు, కంపెనీ ఎత్తులోనే. 401 హైవే మీద కారు ఆ సాయంత్రం నడిచిన తీరు చూస్తే, వాళ్ళు 2003లో అమ్మిన బండి ఇదన్నమాట అనిపించింది. నేను మెరుగుపరచానని గొప్పలు పోతున్నది నిజానికి పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడమే. పాత కారు విషయంలో ముప్పాతిక వంతు మెరుగు ఇదే.

బలం గురించి తక్కువ మాటల్లో ముగిస్తాను. 2001 మియాటాకు 155 హార్స్‌పవర్ ఉందని మాజ్డా మొదట ప్రకటించింది, తర్వాత 142 అని సరిదిద్దుకుని, అమెరికాలో కావలసినవాళ్ళ దగ్గర కార్లు తిరిగి కొంటామంది. పదమూడు గుర్రాల తేడాకు కంపెనీయే కారు వెనక్కి తీసుకుంటానంటే, రెండు మూడు గుర్రాల కోసం మనం ఎయిర్ ఫిల్టరు డబ్బాలకూ సైలెన్సర్లకూ వేలు పోస్తున్నాం. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. నిజంగా బలం కావాలంటే టర్బో పెట్టాలి. 2004, 2005ల్లో కంపెనీయే టర్బోతో 178 హార్స్‌పవర్ మియాటా అమ్మింది. దానికోసం సస్పెన్షన్, చక్రాలు, క్లచ్చి అన్నీ తిరిగి చూసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో టర్బో బిగించుకునేవాడు కూడా అవన్నీ చూసుకోవాలి. అప్పుడది కాస్తంత మెరుగు అనిపించుకోదు, రెండో ఉద్యోగం అవుతుంది. ఆ డబ్బుతో టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, రేడియేటరు మార్చండి. రేడియేటరు మీది ప్లాస్టిక్ తొట్టి నలుపు పోయి గోధుమరంగుకొచ్చిందంటే పగలడానికి ముహూర్తం పెట్టుకున్నట్టే.

లోపలి సుఖాల్లో ఫోను కలిపే కొత్త స్టీరియో, వెనక కెమెరా పెట్టించుకోండి. కెనడాలో కొత్త కార్లకు వెనక కెమెరా 2018లో గానీ తప్పనిసరి కాలేదు. జారినప్పుడు కారును అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ 2011 సెప్టెంబరులో తప్పనిసరైంది. పాత కారులో ఆ కాపు లేదని గుర్తుంచుకుని నడపాలి. హెడ్‌లైట్లకు ఎల్‌ఈడీ బల్బులు వేయాలన్న ఆశ ఉంటే మంచు రాత్రి ఒకసారి ఆలోచించండి. పాత హాలోజన్ బల్బు వేడికి అద్దం మీది మంచు కరుగుతుంది. ఎల్‌ఈడీ చల్లగా వెలిగి మంచు వెనకే ఉండిపోతుంది. దొంగతాళానికి ఇంజను అందుకోకుండా చేసే ఇమ్మొబిలైజర్ 2007 సెప్టెంబరుకు ముందు కార్లకు తప్పనిసరి కాదు, కాబట్టి దొంగల సంగతీ చూసుకోవాలి. గుడ్డ టాపు ఉన్నవాళ్ళు చాలామంది తలుపు తాళమే వేయరు. దొంగ లోపల ఏమీ లేదని చూసి పోతాడు, టాపు కోయడని లెక్క.

చట్టం దగ్గర మన దేశానికీ ఇక్కడికీ తేడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో మన సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక్కడ అంత బిగింపు లేదు. ఒంటారియోలో పొగ పరీక్ష 2019లో ఎత్తేశారు. అయినా క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం నేరమే. హద్దుకు మించి 50 కిలోమీటర్ల వేగం, 80 కంటే తక్కువ హద్దున్న రోడ్ల మీదైతే 40, పెరిగిందంటే అది స్టంట్ డ్రైవింగు. అక్కడికక్కడే 30 రోజులు లైసెన్సు, 14 రోజులు కారు పోతాయి. అసలు ఇన్‌స్పెక్టరు మాత్రం బీమా కంపెనీయే. కారులో చేసిన పెద్ద మార్పులు వాళ్ళకు వెంటనే చెప్పాలి. నేను స్ప్రింగుల సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి "మార్చారా, లేక తిరిగి మామూలు చేశారా?" అని అడిగింది. రెండోదే అన్నాను. ప్రీమియం పెరగలేదు.

చివరికి మిగిలేది అసలు తగువు: చలికాలంలో నడపాలా, కవరు కప్పి మూలన పెట్టాలా? పెట్టేసేవాళ్ళ వాదనకు బలముంది, వాళ్ళ కార్లు నా కారు కంటే పదేళ్ళు ఎక్కువ బతుకుతాయి. కానీ ఏడాదిలో అయిదు నెలలు మూలనుండే కారును రోజువారీ కారనలేం, పైగా ఆ అయిదు నెలలకు ఇంకో కారు, ఇంకో బీమా కావాలి. మా ఆవిడ వ్యాన్ ఒకటి ఉంది కాబట్టి మధ్యేమార్గం పట్టాను. ఉప్పు బురద మరీ ముదిరే జనవరి, ఫిబ్రవరుల్లో అవసరమైన రోజే తీస్తాను. మొదట చెప్పిన ఆ మంగళవారం అలాంటి రోజు, వ్యాను ఆవిడ తీసుకెళ్ళింది.

పోయిన నెల కారును లిఫ్టు ఎక్కించి మెకానిక్ ఎడమ సిల్ చివర స్క్రూడ్రైవరుతో పొడిచాడు. మొన మునిగి, ఎర్రటి పొడి నేల మీద రాలింది. కుడివైపు పొడిస్తే టంగుమంది. "ఇటువైపు పరవాలేదు తంబీ. అటువైపు కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి" అన్నాడు. మే నెలకు రోజు ఖాయం చేసుకున్నాం. జూన్‌లో అమ్మా నాన్నా వస్తున్నారు. ముందు ఎవరు ఎక్కాలన్నది వాళ్ళిద్దరూ ఇంకా తేల్చుకోలేదు.